నా భూమి, నా నీళ్లు అంటే చెల్లుతుందా?

ప్రశ్న: మాది మణికొండలో 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. పక్క ప్లాటాయన లోతుగా బోరు వేసి, రాత్రీ పగలూ ట్యాంకర్లు నింపి అమ్ముతున్నాడు. మా రెండు బోర్లూ ఎండిపోయాయి. అడిగితే ‘నా భూమి, నా నీళ్లు’ అంటున్నాడు. ఆపించగలమా, సార్?
– అసోసియేషన్ కార్యదర్శి

జవాబు: ఆయనది మొండి మాటే గానీ, పూర్తిగా గాలి మాట కాదు. ఫలానా దారి అంటూ లేకుండా నేలలో ఊరే నీటిని తన హద్దుల్లో తోడుకునే హక్కు భూయజమానిదని 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 7వ సెక్షన్ చెబుతోంది. చేదబావుల కాలపు సూత్రమది. సబ్‌మెర్సిబుల్ మోటార్లొచ్చినా దాన్నే పట్టుకుని ఉన్నాం.

దానికి పగ్గం వేసింది 2002 నాటి వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం. కొత్త బోరుకి అనుమతి తప్పనిసరి. 250 మీటర్ల లోపు ఇంకో బోరు వేయకూడదని అందరూ చెప్పే నిబంధన దగ్గరే చాలామంది పొరపడతారు. అది కాపాడేది ప్రజల తాగునీటి బోరుని, మీ అపార్ట్‌మెంట్ బోరుని కాదు. వీధిలో సర్కారు చేతిపంపో, మున్సిపల్ బోరో ఉంటే మాత్రం టేపు పెట్టి కొలవండి. అప్పుడు మీ ఫిర్యాదు బలపడుతుంది.

ముందుగా తహసీల్దారు ఆఫీసులో సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఆ బోరుకి అనుమతి ఉందా, ఉంటే ఏ అవసరానికి ఇచ్చారు? 30 రోజుల్లో జవాబివ్వాలి. భూగర్భ జల శాఖనీ అడగండి. ఆలోపు ఆయన కరెంటు కనెక్షన్ ఏ కేటగిరీదో కనుక్కోండి. ఇంటి కనెక్షన్ మీద మోటారు తిప్పి నీళ్లమ్మితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు టారిఫ్ పడుతుంది. నన్నడిగితే, వాల్టా నోటీసు కంటే ఈ దెబ్బే ఆయనకి ముందు తగులుతుంది. రాత్రి ట్యాంకర్ల గోలకి, జనానికి ఇబ్బంది కలిగించే పనుల్ని ఆపించే సెక్షన్ ఒకటుంది: కొత్త క్రిమినల్ ప్రక్రియ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 152, పాత సీఆర్‌పీసీ 133 అన్నమాట.

సివిల్ కోర్టులో ఇంజంక్షన్, అంటే తోడటం ఆపమనే ఉత్తర్వు అడగొచ్చు. కానీ మీ బోరు ఎండింది ఆయన వల్లేనని నిరూపించాల్సింది మీరే. అది తేలిక కాదు.

అసలు లోటు వేరే ఉంది. వాల్టా చూపంతా బోరు వేయడం మీదే, ఎంత తోడారన్న దాని మీద తక్కువ. ట్యాంకరుకి మీరిచ్చే డబ్బులో డీజిలుంది, డ్రైవరు జీతముంది, ఓనరు లాభముంది. నీటి ధర ఎక్కడుంది? మీ నల్లాకి జలమండలి మీటరుంది. ట్యాంకర్లు నింపే బోరుకి మీటరుండగా మీరెన్నడైనా చూశారా? కనీసం నీళ్లమ్మే బోర్లకైనా ఏడాదికి ఇన్ని కిలోలీటర్లని హద్దు పెట్టి లైసెన్సివ్వాలి, కిలోలీటరుకి ఇంతని వసూలు చేయాలి. నీరు రాష్ట్ర జాబితాలోని అంశమే కాబట్టి శాసనసభకి ఆ అధికారం ఉంది.

ఫిర్యాదుకి వెళ్లే ముందు మీ రెండు బోర్ల కాగితాలు వెతికి పెట్టుకోండి. అక్కడ మొదట అడిగేది ‘మరి మీ బోర్లకి పర్మిషన్ ఉందా?’ అనే.