జాబితా పెంచే ముందు: టీఐ బాధ్యత తీసుకున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

అత్తయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం చేరింది. హెచ్ఐవీ ముప్పు ఎక్కువున్నవారి మధ్య పనిచేసే టీఐ (టార్గెటెడ్ ఇంటర్వెన్షన్) ప్రాజెక్టుకు మేనేజరుగా చేరావని, చేరిన నెలలోనే కవరేజీ, అంటే జాబితాలో పేర్లు, పెంచమని పై నుంచి ఒత్తిడి మొదలైందని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని రాశావు. మీ నాన్న ఫోను చేసి ‘అసలు ఆ ఉద్యోగం ఏమిటి అక్కా’ అని అడిగాడు. సెక్స్ వర్కర్లు, హిజ్రాలు, మగవారితో సంబంధాలున్న మగవారు, సూదితో మత్తుమందు తీసుకునేవారు, లారీ డ్రైవర్లు, వలస కూలీలు... ఆస్పత్రి గడప తొక్కడానికి జంకే వీళ్ళ దగ్గరికి ఆస్పత్రినే తీసుకెళ్ళే పని అని చెప్పాను. ‘ఆడపిల్లకు ఎందుకీ తలనొప్పి’ అన్నాడు. వాడి సంగతి నేను చూసుకుంటాను, నువ్వు పని చూసుకో.

కొత్త పేర్లు చేర్చే తొందర ప్రస్తుతానికి పక్కన పెట్టు. ముందు నీ దగ్గరున్న లైన్ లిస్టు, అంటే మనం చూసుకునే మనుషుల పేర్ల జాబితా, తీసి, పీర్లను (అదే సమాజంలోంచి వచ్చి మనతో పనిచేసేవాళ్ళను) ఒక్కొక్కరిని పక్కన కూర్చోబెట్టుకుని పేరు పేరునా అడుగు. ఈమెను చివరిసారి ఎప్పుడు చూశావు? ఇప్పుడు ఏ ఊళ్ళో ఉంది? ఆరు నెలలకోసారి హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలు జరగాలి కదా, కిందటిసారి నిజంగా రక్తం ఇచ్చిందా, రిజిస్టరులో టిక్కు మాత్రమే పడిందా? ఒకే మనిషి రెండు పేర్లతో ఉండటం, ఊరు విడిచి వెళ్ళిపోయినవాళ్ళు ఇంకా ‘కలిశాం’ అన్న గడిలో ఉండటం నీకు కనిపిస్తుంది. దానికి ఎవరినీ తిట్టకు. టార్గెట్ల కింద నలిగే చోట రిజిస్టర్లు అలాగే తయారవుతాయి. ఈ వడపోత తర్వాత సంఖ్య తగ్గితే తగ్గిందని పైకి రాయి. మొదట ఓ మాట పడతావు, ఆ తర్వాత చేసే పని మాత్రం నిజమైన పని అవుతుంది.

‘రాష్ట్రంలో హెచ్ఐవీ తగ్గిపోయింది కదా, ఇంకా ఈ ప్రాజెక్టులు ఎందుకు’ అని మీటింగుల్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. 2023 అంచనాల్లో దేశం మొత్తం మీద పెద్దవాళ్ళలో హెచ్ఐవీ 0.20 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 0.62, తెలంగాణలో 0.44. మిజోరం, నాగాలాండ్, మణిపూర్ తర్వాత మన పేరే వస్తుంది. తగ్గిన మాట నిజమే. రాత్రిళ్ళు బస్టాండుల్లో, దాబాల దగ్గర తిరిగిన మనుషుల వల్ల తగ్గింది, వాళ్ళను ఆపేస్తే తగ్గుదలా ఆగుతుంది. ఈ మాట అక్కడ గొంతు పెంచకుండా చెప్పు.

ఇక వేళల సంగతి. ఐసీటీసీ, అంటే ప్రభుత్వ హెచ్ఐవీ సలహా, పరీక్షా కేంద్రం, పగటిపూట పనిచేస్తుంది. జాతీయ రహదారి మీద రాత్రి రెండింటి దాకా నిలబడి, తెల్లవారుజామున ఇల్లు చేరి, పిల్లల్ని బడికి పంపి పడుకున్న ఆడమనిషిని పదకొండింటికి పరీక్షకు రమ్మంటే వస్తుందా? లాడ్జీల్లో పనిచేసేవాళ్ళది ఒక వేళ, ఇంట్లో తెలియకుండా మధ్యాహ్నం పూట బయటికి వచ్చేవాళ్ళది మరో వేళ, భవన నిర్మాణ కూలీగా పోతూ అప్పుడప్పుడూ ఈ పని చేసేవాళ్ళది ఇంకో వేళ. నీ ఓఆర్‌డబ్ల్యూల (అవుట్‌రీచ్ వర్కర్లు, అంటే బయట తిరిగే సిబ్బంది) డ్యూటీ చార్టు ఆ మూడు వేళల చుట్టూ అల్లితే సగం విస్తరణ అక్కడే జరుగుతుంది. వేలి కొన మీద సూది గుచ్చి చేసే పరీక్షను మనవాళ్ళే వాళ్ళున్న చోటుకు తీసుకెళ్ళి చేయవచ్చు. రియాక్టివ్ (వైరస్ ఉండవచ్చన్న సూచన) వస్తే అది తుది ఫలితం కాదనీ, ఐసీటీసీలో మూడు వేర్వేరు కిట్లతో చూసిన తర్వాతే ఖాయం చేస్తారనీ ఆ క్షణంలోనే చెప్పించు. ‘రేపు వెళ్ళమ్మా’ అని చీటీ రాసి ఇచ్చారంటే ఆ మనిషి చేజారినట్టే. పీర్ వెంట వెళ్ళాలి, ఆటో డబ్బులు ప్రాజెక్టు పెట్టుకోవాలి, ఓపీ లైనులో పక్కన నిలబడాలి. నిర్ధారణ అయితే ఏడు రోజుల్లోపే మందులు మొదలుపెట్టాలని ఇప్పటి నిబంధన. ఒకప్పుడు సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) ఎంతకు పడిపోయిందో చూసి మందులిచ్చేవాళ్ళు, మనిషి బక్కచిక్కిపోయే దాకా ఎదురుచూడాల్సి వచ్చేది. 2017 నుంచి ఆ బాధ లేదు. పాజిటివ్ అని తేలితే మందు మొదలు, అంతే.

మొదటి మాట కండోమ్ గురించి ఎత్తవద్దని కొత్త పీర్లకు చెప్పు. తిన్నావా, పిల్లాడి జ్వరం తగ్గిందా, ఆ పోలీసు మళ్ళీ వచ్చాడా, ఇవీ ముందు అడగాల్సినవి. కోల్‌కతాలో సెక్స్ వర్కర్లుండే సోనాగాచి వాడలో 1992లో డాక్టర్ స్మరజిత్ జానా మొదలుపెట్టిన పని నిలబడటానికి కారణం ఇదే. సెక్స్ వర్కర్లే తమ పక్కవారికి చెప్పారు, ఆ తర్వాత తమ సంఘాన్ని తామే నడిపారు. మన పీర్లను చీటీలు మోసేవాళ్ళుగా చూసే మేనేజర్లను చాలామందిని చూశాను. ఎక్కడ కొత్త అమ్మాయి వచ్చిందో, ఏ లాడ్జీ మేనేజరు కండోమ్ డబ్బా లోపల పెట్టనివ్వడో వాళ్ళకు తెలిసినంత నీకు ఎప్పటికీ తెలియదు. మైక్రోప్లాన్ మ్యాపు (ఎవరు ఎక్కడ, ఏ వేళ దొరుకుతారో చూపే పటం) వాళ్ళ చేత గీయించు, నీ కంప్యూటర్లో గీయకు. పీర్ల గౌరవవేతనం నెలల తరబడి ఆగిపోయే సందర్భాలు నీకూ వస్తాయి. ఆ నెలల్లో మీటింగుకు పిలిచినప్పుడల్లా దారి ఖర్చయినా చేతిలో పెట్టు. లేకపోతే వాళ్ళు మౌనంగా తప్పుకుంటారు, కారణం కూడా చెప్పరు.

పోలీసుల గురించి రాశావు. సంచిలో నిరోధ్ ప్యాకెట్లు దొరికాయని కేసు పెడతామని బెదిరిస్తే మనం పంచిన కండోమే ఆమెకు శత్రువవుతుంది. 2022 మే 19న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లో ఈ విషయం ఉంది. సెక్స్ వర్కర్లు ఆరోగ్యం కోసం, రక్షణ కోసం కండోమ్ వంటివి వాడటాన్ని నేరంగా గానీ, నేరానికి సాక్ష్యంగా గానీ చూడకూడదు. ఆ పేరా తెలుగులో టైపు చేయించి, ప్రతి స్టేషనుకూ నువ్వే తీసుకెళ్ళి ఎస్సైతో టీ తాగుతూ ఇవ్వు. గొడవ జరిగాక పరిగెత్తడం కంటే ఇది నయం. ఎస్సై బదిలీ అయితే మళ్ళీ వెళ్ళు.

మందుల దగ్గర అసలు కష్టం మొదలవుతుంది. చాలామంది ఆడవాళ్ళు ఏఆర్‌టీ (హెచ్ఐవీ మందుల) డబ్బా పైన లేబుల్ గీకేస్తారు. కుదిపితే మాత్రలు గలగలమంటాయని లోపల దూది కుక్కుతారు. అత్తగారు బీరువా తెరిస్తే, ఓనరమ్మ గదిలోకి వస్తే ఆ చప్పుడు చాలు. కొందరు విటమిన్ డబ్బాలోకి మార్చుకుంటారు. అలా మార్చేవాళ్ళకు లోపలున్న తేమ పీల్చే చిన్న పొట్లం కూడా దానిలో వేసుకోమని, మూత గట్టిగా బిగించమని చెప్పించు. ఇప్పుడు ఇచ్చేది రోజుకు ఒక్క మాత్ర, టీఎల్‌డీ, టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ ఒకదానిలోనే. దాచుకోవడం మునుపటి కంటే తేలిక. ఆరోగ్యం నిలకడగా ఉన్నవారికి ఒకేసారి మూడు నెలల మందులు ఇప్పించడానికి ఏఆర్‌టీ సెంటరు కౌన్సిలర్‌తో మాట్లాడు. నెలనెలా లైనులో నిలబడటం ఎవరి కంటనైనా పడటమే. రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష మందు మొదలైన ఆరు నెలలకు, ఏడాదికి, ఆ తర్వాత ఏడాదికోసారి. వైరస్ కనిపించనంతగా తగ్గి, మందు ఆపకుండా వాడుతున్నంత కాలం లైంగిక సంబంధం ద్వారా అవతలివారికి సోకదు. ఈ ఒక్క విషయం తెలిసిన రోజున నా ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చినవాళ్ళున్నారు. కండోమ్ మానేయమని కాదు, సవాయి, సెగ వంటి సుఖవ్యాధులు మాత్ర వల్ల ఆగవు కదా.

దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, ఈ నాలుగూ ప్రతిసారీ అడగాలి, క్షయ ముందు అక్కడే బయటపడుతుంది. హెచ్ఐవీ ఉన్న గర్భిణులను విడిగా చూసుకోవాలి, బిడ్డకు ఆరో వారంలో ఎండు రక్తపు చుక్కతో హెచ్ఐవీ పరీక్ష చేయించాలి. ఇవి మీ కౌన్సిలర్‌కు తెలుసు, నేను పొడిగించను.

కస్టమర్ దగ్గర కండోమ్ లేకుండా ఒప్పుకోని మనిషి ఇంట్లో మాత్రం వాడదు. ‘వాడు నావాడు’ అంటుంది. భర్త కావచ్చు, ఏళ్ళ తరబడి వస్తున్న స్నేహితుడు కావచ్చు. వాడితో కండోమ్ అంటే అనుమానం పెట్టినట్టు. మన చార్టుల్లో కస్టమర్ల లెక్క ఉంటుంది కానీ ఇంటి మనిషి లెక్క ఉండదు. అతన్ని కూడా పరీక్షకు తెచ్చే మార్గం ఆమెనే అడుగు. ఒక్కోసారి బీపీ, షుగర్ క్యాంపు పేరు చెప్పి పిలిస్తే వస్తారు, అయితే హెచ్ఐవీ పరీక్ష సంగతి అతనికి చెప్పి, ఒప్పుకున్నాకే చేయాలి. చెప్పకుండా చేస్తే 2017 హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం తప్పు, అంతకంటే ముందు మనం నమ్మకం పోగొట్టుకుంటాం. ఆ చట్టం ప్రకారం ఒకరి హెచ్ఐవీ స్థితిని అనుమతి లేకుండా మరొకరికి చెప్పకూడదు కూడా. కాబట్టి మీ సిబ్బంది వాట్సాప్ గ్రూపులో పేర్లతో లిస్టులు పెట్టడం ఈ రోజే ఆపించు.

ఇప్పటి కొత్త చిక్కు ఫోను. రోడ్డు మీద నిలబడేవాళ్ళు తగ్గారు, యాప్‌లలో, వాట్సాప్‌లో మాట్లాడుకుని గదికి వెళ్ళేవాళ్ళు పెరిగారు. మగవారితో సంబంధాలున్న పెళ్ళయిన మగవారు మనవాళ్ళు వచ్చి కాసేపు కూర్చునే మన డ్రాప్-ఇన్ సెంటర్ మెట్లు ఎప్పటికీ ఎక్కరు. ‘కోతీ’లని పిలుచుకునే, ఆడతనం కనబరిచే మగవారి సమాజంలోంచి చదువుకున్న ఒక కుర్రాణ్ణి తీసుకుని, అతని చేతికి ఫోను ఇచ్చి, యాప్‌లలోనే మాట్లాడమను. పరీక్ష ఎక్కడ చేస్తారు, పేరు చెప్పాలా, కండోమ్ చిరిగితే ఏం చేయాలి అన్న ప్రశ్నలు రాత్రి పన్నెండింటికి వస్తాయి. కండోమ్ చిరిగినప్పుడు 72 గంటలలోపు డాక్టరు దగ్గరికి వెళ్తే హెచ్ఐవీ సోకకుండా 28 రోజుల మందు అవసరమో లేదో చూస్తారని అతనికి తెలిసి ఉండాలి. 1097 ఎయిడ్స్ హెల్ప్‌లైనుకు ఉచితంగా ఫోను చేయవచ్చని కూడా.

కోనసీమ నుంచి గల్ఫుకు వెళ్ళే ఆడవాళ్ళను మర్చిపోకు. వీసా వైద్య పరీక్షలో హెచ్ఐవీ బయటపడితే ‘అన్‌ఫిట్’ అని కాగితం చేతిలో పెడతారు. ఏజెంటు డబ్బు సంగతి మాట్లాడతాడు, మందుల సంగతి ఎవరూ మాట్లాడరు. మెడికల్ సెంటర్ల దగ్గర ఒక పీర్‌ను పరిచయం చేసి పెట్టగలిగితే అది పెద్ద పని.

పింఛను సంగతి. ఎన్టీఆర్ భరోసా కింద ఏఆర్‌టీ మందులు వాడేవాళ్ళకు, హిజ్రాలకు నెలకు నాలుగు వేలు వస్తుంది. ఊళ్ళో పింఛను పంచే రోజు ఎందుకు ఇస్తున్నారో పదిమందికీ తెలిసిపోతుందని భయపడి వదులుకున్నవాళ్ళున్నారు. ఎక్కడ, ఎలా తీసుకుంటే గుట్టు నిలుస్తుందో ఊరి సచివాలయం వాళ్ళతో కూర్చుని తేల్చు.

డిసెంబరు 1న, ప్రపంచ ఎయిడ్స్ దినం పేరుతో, మీ ఊళ్ళో కూడా ఎర్ర రిబ్బన్లు పెట్టుకున్న బడిపిల్లల చేత ఎండలో ర్యాలీ చేయిస్తారు. ఆ సమయానికి మనవాళ్ళంతా నిద్రలో ఉంటారు. ఈసారి ఆ ఖర్చుతో హైవే మీద రాత్రి పరీక్షల క్యాంపు పెట్టనివ్వమని అడిగి చూడు. ల్యాబ్ టెక్నీషియన్‌ను రాత్రి డ్యూటీకి ఒప్పించడమే కష్టం, కాబట్టి జిల్లా ఎయిడ్స్ నియంత్రణ అధికారికి ఇప్పటి నుంచే లేఖ పెట్టు, కాపీ నీ దగ్గర ఉంచుకో.

ఇట్లు,
మీ అత్తయ్య