‘బస్సొస్తే నా కిస్తీ ఎవలు కడ్తరు?’

‘ప్రజా రవాణాకు ప్రభుత్వం ఎక్కువ డబ్బు పెట్టేలా జనాన్ని, సంఘాలను ఎలా కూడగట్టాలి?’ అని అడిగారు. అవగాహన సదస్సులూ సంతకాల సేకరణలూ చెప్పేవాళ్ళు వేరే ఉంటారు. నాది వరంగల్‌కు 40 కిలోమీటర్ల అవతల, మెయిన్ రోడ్డు నుంచి 6 కిలోమీటర్లు లోపలికి పోతే వచ్చే ఊళ్ళో, స్టేజీ దగ్గర కిరాణా కొట్టు. ఒక్క బస్సు కోసం రెండుసార్లు ఊరిని కూడగట్టాను. మొదటిసారి నవ్వులపాలయ్యాం. రెండోసారి బస్సు వచ్చింది. కాబట్టి ఈ విషయంలో నాకన్నా తెలిసినవాడు మా జిల్లాలో లేడనే అనుకుంటాను.

ముందే చెప్తున్నా, నా స్వార్థం నాకుంది. బస్సు ఆగితేనే కొట్టు ముందు నలుగురు నిలబడతారు, నిలబడితేనే చాయ్‌పత్తో బిస్కెట్ పుడో అమ్ముడుపోతుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కు ఆగిన మా పల్లె వెలుగు తర్వాత రాలేదు. ఎవర్నీ తప్పు పట్టను, అడగాల్సిన మేమే అడగలేదు. పోరగాళ్ళు కిస్తీల మీద బైకులు కొన్నారు, ముసలివాళ్ళూ ఆడవాళ్ళూ ఆటోలకు అలవాటు పడ్డారు. ఒక బైకు మీద ముగ్గురు పిల్లలు కాలేజీకి పోతుంటే చూసి ప్రాణం గిలగిలలాడేది, అది వేరే కథ.

2023 డిసెంబర్ 9న ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం మొదలైంది. రెండు రోజులకు మా వాడ అవ్వ ఒకామె వచ్చి కొట్టు గడప మీద కూర్చుని అడిగింది: ‘సేటూ, పీరీ బస్సంటున్నరు గదా. పీరీ సరే, బస్సేది?’ ఆమె హన్మకొండలో బిడ్డ ఇంటికి పోవాలంటే మెయిన్ రోడ్డు దాకా ఆటోకు 20 రూపాయలు పెట్టాలి, అక్కడ పీరీ బస్సు ఎక్కాలి.

అట్లా మొదటి కమిటీ పుట్టింది. మా వరంగల్ వాళ్ళకు జేఏసీ పెట్టడం నేర్పేదేముంది? 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది, రోడ్డు మీద వంటావార్పు అప్పుడు ఇంటి వంటంత మామూలైపోయింది. 2019లో ఆర్టీసీ కార్మికుల సమ్మె అక్టోబర్ 5న మొదలై 52 రోజులు సాగింది. అదే ఊపులో మేమూ ఫ్లెక్సీ కొట్టించాం, వినతిపత్రం పట్టుకుని ఫొటో దిగాం, వాట్సాప్ గ్రూపు పెట్టాం. గ్రూపులో బస్సు సంగతి రెండు రోజులే నడిచింది, మూడో రోజు నుంచి గుడ్ మార్నింగ్ పూలు, పుట్టినరోజు కేకులు. ఓ పూట రాస్తారోకో కూడా చేశాం. మేం ఆపిన మొదటి బండి పెళ్ళివాళ్ళ ట్రాక్టరు. ముహూర్తం దాటలేదు గానీ, ఆ ఇంటివాళ్ళు ఇప్పటికీ పక్క కొట్టులోనే సామాన్లు కొంటారు.

ఆ తర్వాత 12 మందిమి డిపోకు పోయాం. అక్కడి పెద్దాయన ఫ్లెక్సీ ఫొటో పక్కన పెట్టి ఒకటే అడిగాడు: ‘మీ ఊరి నుంచి రోజుకు ఎంతమంది పోతరు? ఏ టైముకు?’ ఒకరి మొఖం ఒకరం చూసుకున్నాం. ‘మస్తుమంది సార్’ అన్నాడు మా వార్డు మెంబరు. ఆయన నవ్వలేదు, అందుకు ఇప్పటికీ ఆయనంటే నాకు గౌరవం. కుర్చీలు వేయించి లెక్క చెప్పాడు. బస్సు కిలోమీటరు తిరిగితే రాబడి ఎంత అనేదాన్ని వాళ్ళు ఈపీకే అంటారు. అది తక్కువైన బండి ఎప్పుడూ కత్తి కిందే ఉంటుంది. పైగా తెల్లవారుజామున డిపో నుంచి మా ఊరి దాకా ఖాళీగా రావడం డెడ్ కిలోమీటర్లు, డీజిల్ కాలుతుంది, టికెట్ తెగదు. జీరో టికెట్ ఉత్త కాగితం కాదని కూడా అప్పుడే తెలిసింది. ఆడవాళ్ళకు కండక్టరు కొట్టే ప్రతి జీరో టికెట్టుకూ ప్రభుత్వం ఆర్టీసీ సంస్థకు డబ్బు కట్టాలి. అంటే మా అవ్వ బస్సెక్కితే అదీ రాబడే, సర్కారు కట్టినన్నాళ్ళూ.

మన దగ్గర బస్సును అందరూ అడుగుతారు, బస్సుకు డబ్బు ఎవరూ అడగరు. నా గొడవంతా దీని మీదే. డిపోవాళ్ళ చేతిలో ఉన్నవి ఉన్న బండ్లే, ఒక ఊరికి వేస్తే ఇంకో ఊరికి కోస్తారు. డబ్బు తేలేది హైదరాబాద్‌లో, బడ్జెట్‌లో. సమ్మెప్పుడు కార్మికులకు జై కొట్టిన మేమే, సమ్మె ముగిశాక డిసెంబర్‌లో కిలోమీటరుకు 20 పైసలు చార్జీ పెరిగితే కండక్టరుతో కొట్లాడాం. నష్టం ఎక్కడి నుంచి పూడాలో ఒక్కరమూ ఆలోచించలేదు. ఇక వరంగల్‌కు మెట్రో నియో, అంటే రబ్బరు టైర్ల మీద నడిచే చిన్న మెట్రో, అన్నప్పుడు మాత్రం అందరికీ హుషారే. అది కాగితం మీదే తిరుగుతోంది, మా పల్లె వెలుగు కనీసం రోడ్డు మీద తిరిగేది.

మా తమ్ముడి కొడుకు లాస్ ఏంజెలెస్‌లో ఉంటాడు. అక్కడైతే బస్సులకూ రైళ్ళకూ పన్ను వేయాలా వద్దా అని జనాన్నే ఓటడుగుతారట, మూడింట రెండు వంతులు ఒప్పుకోవాలట. 2012లో నూటికి 66 మంది సరేనన్నా వెంట్రుకవాసిలో ఓడిపోయింది. 2016లో మళ్ళీ పెడితే 71 మంది దాకా వేశారు, ప్రతి డాలరు కొనుగోలు మీద అర సెంటు. ‘కార్లున్నోళ్ళు కూడా ఓటేసిన్రు పెద్దబాపూ’ అన్నాడు వాడు. అది నా బుర్రలో తిరిగింది. బస్సు ఎక్కనివాడి దగ్గర ఓటు ఎట్లా తెచ్చారు? మా ఊళ్ళో బస్సు ఎక్కనివాళ్ళు ఎవరు? బస్సు వస్తే మునిగేవాళ్ళు ఎవరు?

ఆటోవాళ్ళు. ఊళ్ళో ఆరు ఆటోలు, ఒక టాటా మ్యాజిక్. మొదటి కమిటీలో వాళ్ళను పిలవనే లేదు. పిలవకపోతే ఊరుకుంటారా? ‘బస్సొస్తే రోడ్డు పాడైతది’ అని మా వెనకే చెప్పుకుంటూ తిరిగారు.

2024 ఎండాకాలం, ఒకరోజు రాత్రి తొమ్మిదింటికి షట్టరు సగం దించి ఏడుగురినీ కొట్టులోకి పిలిచాను. బియ్యం బస్తాల మీద కూర్చున్నారు. మిర్చీలు తెప్పించాను, ఎవరూ ముట్టలేదు. మ్యాజిక్ నడిపేవాణ్ణి ఊరంతా మ్యాజిక్ మామ అంటాం. నా ఖాతా పుస్తకం లాక్కుని, వెనక అట్ట మీద వాడే లెక్క రాశాడు. నెల కిస్తీ 7,800. పైన డీజిల్. పిల్లగాని ఫీజు. కింద గీత గీసి, పెన్ను నా వైపు తిప్పి, ‘బస్సొస్తే నా కిస్తీ ఎవలు కడ్తరు సేటూ? నువ్వు కడ్తవా?’ అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. చాలాసేపు ఫ్రిజ్ చప్పుడే. ఎవరో పొట్లం విప్పి ఒక మిర్చి తీశారు. అప్పుడు మూల కూర్చున్న చిన్న ఆటో పోరడు మెల్లగా అన్నాడు: ‘కాకా, మనకు మండలం ట్రిప్పులు డిసెంబర్‌లనే పోయినై గదా. ఇప్పుడు నడుస్తున్నయి మెయిన్ రోడ్డు ట్రిప్పులే.’ నిజమే. పీరీ బస్సు వచ్చాక దూరం సవారీ తగ్గింది, రోడ్డు దాకా దించే సవారీ పెరిగింది. అక్కడి నుంచి బేరం మొదలైంది. పగటి పూట ట్రిప్పు మేం అడగం. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, రాత్రి ఒకటి, అంతే. పదింటి నుంచి నాలుగింటి దాకా రోడ్డు వాళ్ళది. అవతలి రెండు తండాల వాళ్ళను పొద్దుటి బస్సుకు అందించేది కూడా వాళ్ళే.

రాత్రి బస్సు ఊళ్ళోనే ఆగితే డెడ్ కిలోమీటర్లు తప్పుతాయి. కానీ నైట్ హాల్ట్ అంటే డ్రైవరుకూ కండక్టరుకూ రూము కావాలి, ఫ్యాను కావాలి, బాత్రూము కావాలి. ఎవరిస్తారని నేను నసుగుతుంటే మ్యాజిక్ మామ గోడకేసి చూస్తూ, ‘మా తమ్ముని అర్ర ఖాళీగనే ఉన్నది’ అన్నాడు. వాళ్ళింటామె వంట బాగా చేస్తుంది, ఇద్దరికి రెండు పూటల భోజనం అంటే అంతో ఇంతో కిస్తీకి సాయమేనని వాడు నాకన్నా ముందే లెక్క కట్టుకున్నట్టున్నాడు. పదకొండింటికి పోయేటప్పుడు మిర్చీలు ఒక్కటి మిగల్చలేదు.

ఇక కాగితాలు. ఆ ఫిబ్రవరిలోనే సర్పంచుల పదవీకాలం అయిపోయి ప్రత్యేకాధికారులు వచ్చారు, పంచాయతీ తీర్మానం చేసే పాలకవర్గమే లేదు. అప్పుడు పనికొచ్చింది ఆడవాళ్ళ గ్రామైక్య సంఘం. నా అనుభవంలో పల్లెలో నిజంగా నడిచే సంఘం అదొక్కటే. నెలనెలా కూర్చుంటారు, పుస్తకం రాస్తారు, రానివాళ్ళకు జుర్మానా వేస్తారు. మా దారిలోని నాలుగు ఊళ్ళ సంఘాలూ తీర్మానం రాసిచ్చాయి. డిగ్రీ చదివే అమ్మాయి ఒకతి ఇద్దరు ఇంటర్ పిల్లలను తీసుకుని మూడు రోజులు, పొద్దున 6 నుంచి 10 దాకా, మూలమలుపు దగ్గర నిలబడి నోటు పుస్తకంలో గీతలు పెట్టింది. ఆడ, మగ, స్టూడెంటు వేరువేరు గళ్ళు. రోజుకు 70 మంది పైనే తేలారు. ‘మస్తుమంది’ అనేదానికి అంకె దొరికింది.

రెండోసారి డిపోకు ఐదుగురమే పోయాం, ఫ్లెక్సీ లేదు. పెద్దాయన గీతల పుస్తకం తిరగేశాడు, తలూపాడు. సంతకాల కాగితంలో ‘ఆటో డ్రైవర్’ అని ఏడు చోట్ల కనపడేసరికి కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ చదివాడు. ‘మీ ఆటోలోళ్ళేనా?’ అన్నాడు. పక్కన కూర్చున్న మ్యాజిక్ మామ లేచి నిలబడి, ‘రూము కూడ మాదే సార్’ అన్నాడు.

ఎమ్మెల్యే దగ్గర మాత్రం మేం బస్సు అడగలేదు. జీరో టికెట్ డబ్బు ఆలస్యం కాకుండా సంస్థకు అందాలని, రాబడి లేని పల్లె రూట్లకు బడ్జెట్‌లో విడిగా డబ్బు పెట్టాలని అసెంబ్లీలో అడగమన్నాం. ఆయన ఆశ్చర్యంగా చూసి, ‘మరి బస్సొద్దా?’ అన్నాడు. వద్దనలేదు సార్, దానికి డీజిల్ కూడా కావాలన్నాం. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

జూన్‌లో బళ్ళు తెరిచిన వారానికి బస్సు వచ్చింది. కొబ్బరికాయ కొట్టేటప్పుడు మొదటి కమిటీ వాళ్ళంతా ముందు వరసలో ఉన్నారు, ఫొటోలో నేను లేను. పర్వాలేదు. కండక్టరు జీరో టికెట్ ఇస్తుంటే, పైసలు లేనిదానికి చీటీ ఎందుకని అవ్వ తీసుకోనంది. ‘తీసుకో అవ్వా, అదే బస్సుకు డీజిలు’ అని కిటికీలోంచి అరిచాను. ఇప్పుడు దిగాక కూడా ఆ చీటీ కొంగుకు ముడేసుకుని తెచ్చి నాకు చూపిస్తుంది.

రూముకు కరెంటు బిల్లు ఎవరు కట్టాలో మాత్రం ఆ రాత్రి ఎవరూ మాట్లాడలేదు. అది నా మీదే పడింది. 2025 డిసెంబర్‌లో పంచాయతీ ఎన్నికలయ్యాయి, కొత్త సర్పంచ్ కడతానన్నాడు. రసీదులు ఒక డబ్బాలో వేస్తున్నా.

మొన్న జనవరి ఆఖర్లో మేడారం జాతర. రెండేళ్ళకోసారి సమ్మక్క సారలమ్మల దగ్గరికి బండ్లన్నీ పోవాల్సిందే, మా బండీ పోయింది, దానికి మేం ఏమీ అనం. ఆ నాలుగు రోజులూ పొద్దున ఆరున్నరకే మ్యాజిక్ మామ కొట్టు ముందుకొచ్చి, పళ్ళపుల్ల నోట్లో పెట్టుకుని అడిగేవాడు: ‘సేటూ, ఇయ్యాల మన బస్సొస్తదా, నన్ను బండి తియ్యమంటవా?’