ఊళ్లో పిల్లలతో షార్ట్ ఫిల్మ్ తీయాలంటే ముందు ఫోన్ వాళ్ల చేతికివ్వండి

మీరడిగింది ఇదే కదండి, ఊళ్లో యూత్ కుర్రాళ్లు, డ్వాక్రా ఆడవాళ్లు కలిసి షార్ట్ ఫిల్మ్ తీద్దామనుకుంటున్నారు, చేతిలో ఫోన్లు తప్ప ఇంకేం లేవు, కెమెరా కొనాలా, ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి అని. కొనక్కర్లేదండి. మాది పి.గన్నవరం దగ్గర గోదావరి మధ్యలో ఉన్న లంక ఊరు, సెలవుల్లో హైస్కూల్ పిల్లలతో ఈ పనే చేయిస్తుంటాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

కథ చెప్పమంటే మొదటిరోజు అందరూ లవ్ స్టోరీలు, ఫైట్లే చెప్తారు, వాళ్లు చూసేవి అవే కదా. నేను వద్దనలేదు, 2022 జూలైలో వరదొచ్చినప్పుడు మీ ఇంట్లో ముందు ఏం డాబా మీదికి ఎక్కించారు అని అడిగానంతే. ఒకడు బియ్యం బస్తా అన్నాడు, ఒకడు మేకపిల్ల అన్నాడు, ఒకమ్మాయి అక్క టెన్త్ సర్టిఫికెట్లున్న కవరు అంది, ఇంక అరగంట ఎవరూ ఆగలేదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి 17.75 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక అని టీవీలో చెప్తారు గానీ ఆ అంకెకి మన గుమ్మంలో నీళ్లెంత ఎత్తుకొస్తాయో ఎవరూ చూపించరు, అది తీద్దాం అన్నది పిల్లలే.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. ఒక మామ్మగారింటి గోడ మీద 1986 వరద గుర్తు ఇంకా ఉంది, ఆ ఏడు 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది, 2022లో 25 లక్షలు దాటింది. షాట్ బాగా రావాలని కుర్రాడి చేతిలో ఫోన్ నేను తీసుకున్నా. ఆవిడ కొంగు సర్దుకుని, నమస్కారమండి, వరద చాలా ఎక్కువగా వచ్చిందండి అని ఆఫీసర్లకి చెప్పినట్టు చెప్పి ఆపేశారు. మర్నాడు వాళ్ల మనవడే ఫోన్ పట్టుకున్నాడు. ఆవిడ పాత గీత మీద అరచెయ్యి ఆనించి, మెల్లగా కిందికి జార్చి 2022 గీత దగ్గర ఆపి, "ఒరేయ్, అప్పటికి మీ నాన్న నా చంకలో ఉన్నాడ్రా, వాణ్ణి ఎత్తుకునే ఈ గోడ పట్టుకుని నించున్నాను" అన్నారు. షాట్ కొంచెం వణికింది. వణికినా అదే ఉంచాం. ఎంత తెలిసినా సరే ఫోన్ మీరు తీసుకోవద్దండి, పక్కన నించోండి చాలు.

బొమ్మ కంటే సౌండే ఎక్కువ ఏడిపిస్తుంది. ఏటిగట్టు మీద కొబ్బరి డొక్క ఒలిచే ఆయన్ని ఇరవై నిమిషాలు షూట్ చేసి ఇంటికొచ్చి వింటే గాలి, కొబ్బరాకుల చప్పుడే, మాట ఒక్కటి లేదు, మళ్లీ అడిగితే పాపం చెప్పారు గానీ మొదటిసారిలా రాలేదు. ఇప్పుడైతే రెండో ఫోన్ ఫ్లైట్ మోడ్ లో పెట్టి, రికార్డర్ ఆన్ చేసి మాట్లాడేవాళ్ల చొక్కా జేబులో వేస్తాం, మొదట్లో ఒక చప్పట కొడితే ఎడిటింగ్ లో రెండూ కలుపుకోవచ్చు. కాలర్ మైకుంటే స్పాంజి తొడగండి. రేవు దగ్గర పంటు, అదే ఏరు దాటించే పెద్ద పడవ, ఇంజను తిరుగుతుంటే ఆగేదాకా ఆగాలి, వేరే దారి లేదు. ఫోన్ అడ్డంగా పట్టుకోవాలి, ట్యూబ్‌లైట్ కింద బొమ్మ మినుకుమినుకుమంటే కెమెరా ప్రో మోడ్ లో షట్టర్ స్పీడ్ 1/50 పెట్టండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆగుతుంది. సినిమా పాటలు వాడొద్దు, అప్‌లోడ్ చేశాక కాపీరైట్ గొడవ, మీ ఊళ్లో ఎవరన్నా డప్పు వాయిస్తే, పాడితే అడిగి రికార్డ్ చేస్కోండి.

డ్వాక్రా వాళ్ల విషయంలో మాత్రం తొందరపడొద్దండి. మొహం చూపించం అంటే చేతులు తీయండి, పీచు తాడు పేనే చేతులు చాలా చెప్తాయి. అప్పుల సంగతి ఒకామె చెప్పి తర్వాత తీసెయ్యమంది, తీసేశాం, ఎందుకని కూడా అడగలేదు. చిన్నపిల్లలుంటే అమ్మానాన్నల సంతకం తీసుకోండి. నెట్లో పెట్టేముందు ఊళ్లో చూపించాలి, అది మాత్రం మానొద్దు.

మేం పంచాయతీ ఆఫీసు గోడకి తెల్ల దుప్పటి కట్టి, ప్రొజెక్టర్ అడిగి తెచ్చి వేశాం, నాలుగు నిమిషాల సినిమా మూడుసార్లు వేయించుకున్నారు. అయ్యాక బడ్డీకొట్టాయన వచ్చి మా వంటింటి గోడ మీద కూడా గీత ఉంది రండర్రా అన్నాడు. పొద్దున్నే ఆరింటికి, నన్ను పిలవకుండానే, పిల్లలు ఫోన్ పట్టుకుని వాళ్లింటికెళ్లిపోయారు.