ప్రేమ నవల రాస్తున్న బిడ్డకు

హన్మకొండ

బిడ్డా,

నవల మొత్తం చదివాను. నువ్వు రాయగలవు, అందులో నాకు అనుమానం లేదు. రెండో భాగంలో హాస్టల్ డాబా మీద బట్టలు ఆరేస్తూ ఇద్దరు పిల్లలు పెళ్ళిచూపుల గురించి మాట్లాడుకుంటారు చూడు, ఆ సన్నివేశం అచ్చం మన ఇళ్ళల్లో మాటల్లాగే ఉంది. అది ఎవరో నేర్పితే వచ్చేది కాదు.

కానీ నవలతో పాటు పంపిన ఉత్తరంలో ఒక వాక్యం నన్ను బాధపెట్టింది. "ఇది ఉత్త ప్రేమకథే పెద్దమ్మా, సాహిత్యమేం కాదు, తీరిక ఉంటేనే చదువు" అని రాశావు. ఎందుకమ్మా ఆ సంజాయిషీ? రాసేవాళ్ళే తల దించుకుంటే చదివేవాళ్ళను ఎవరు గౌరవిస్తారు? మన ఊళ్ళో సాహిత్య సభలకు వెళ్తే కాళోజీ గురించి, నవీన్ గారి 'అంపశయ్య' గురించి గంటలకొద్దీ మాట్లాడతారు. మాట్లాడాలి కూడా. ప్రేమ నవలల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. ఎవరైనా ఎత్తితే కాలక్షేపం అని ఒక్క మాటతో తేల్చేస్తారు. ఆ సభలో కూర్చున్న ఆడవాళ్ళలో చాలామందికి నవల చదివే అలవాటు చేసింది ఆ కాలక్షేపమే. పదో తరగతితో చదువు ఆగిపోయి, పెళ్ళై, పొద్దంతా పనిలో ఉన్న మనుషుల చేతిలో పుస్తకం పెట్టిన రచనలను చిన్నచూపు చూడటం నాకు ఏనాడూ నచ్చలేదు. నువ్వు కూడా చూడకు.

యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' 1960ల్లో జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు, వాణిశ్రీలతో సినిమా కూడా అయింది. ఆ తరహా నవలల గురించి మాట్లాడేవాళ్ళంతా హీరో గురించే చెప్తారు. ఆరడుగుల ఎత్తు, పొడవాటి కారు, పెద్ద మేడ. నీ నవలలో జూబ్లీహిల్స్ బంగ్లా, నల్ల కారు కూడా అక్కడి నుంచే వచ్చాయని నాకు తెలుసు. నా అభిప్రాయం వేరు. ఆ నవలలు నిలబడింది హీరోయిన్ ఆత్మాభిమానం మీద. ఎంత డబ్బున్నవాడు ఎదురుగా నిలబడ్డా లొంగిపోని మధ్యతరగతి పిల్ల, తన జీతంతో తను బతకాలనుకునే పిల్ల. ఆడపిల్ల ఆఫీసుకు వెళ్తానంటే ఇంటిల్లిపాదీ కూర్చుని చర్చించే రోజులవి. అలాంటి రోజుల్లో ఉద్యోగం చేసే అమ్మాయిని నడిమధ్యన నిలబెట్టి, ఆమె మాటకు విలువ ఇచ్చి కథ నడిపించారు. చదివిన ఆడవాళ్ళు కారు కోసం చదవలేదు.

ఇది నేను ఊహించి చెప్పడం లేదు. అద్దె లైబ్రరీల కాలం నీకు తెలియదు. రోజుకింత అని కట్టి నవల ఇంటికి తెచ్చుకునేవాళ్ళం. అట్ట ఊడిపోతే బైండింగ్ చేయించిన పుస్తకాలు, ఇల్లిల్లూ తిరిగి అంచులు మెత్తబడినవి. చివరి పేజీలో ఖాళీ ఉంటే చాలు, పెన్సిల్‌తో పాఠకుల అభిప్రాయాలు ఉండేవి. షాపాయన ఎంత కోప్పడినా రాసేవాళ్ళు. 'చాలా బాగుంది, తప్పక చదవండి' అని ఒకరు. దాని కింద 'హీరోకు పొగరెక్కువ, క్షమాపణ చెప్పనే లేదు' అని ఇంకొకరు. ఇంకా కింద 'అమ్మాయి ఉద్యోగం మానకుండా ఉండాల్సింది' అని వేరే చేతిరాత. నేను నవల కంటే ముందు ఆ పేజీ చదివేదాన్ని. మేడ గురించి, చీరల గురించి రాసినవాళ్ళు నాకు కనబడలేదు. అందరూ మనుషుల నడవడిక గురించే తీర్పు చెప్పేవాళ్ళు. ఆమె అన్న మాట సరైనదేనా, అతను చేసింది న్యాయమేనా అని. ఏ విమర్శకుడూ పట్టించుకోని పుస్తకాలకు దొరికిన నిజమైన విమర్శ అది.

అమెరికాలో జానిస్ రాడ్‌వే అనే పరిశోధకురాలు ఇదే పని పద్ధతిగా చేసింది. ప్రేమ నవలలను తను చదివి తీర్పు చెప్పకుండా, ఒక ఊళ్ళో ఒకే పుస్తకాల షాపుకు వచ్చే ఆడవాళ్ళను అడిగి తెలుసుకుంది. 1984లో 'రీడింగ్ ది రొమాన్స్' అనే పుస్తకం రాసింది. పుస్తకం చేతిలో ఉన్నంతసేపు ఆ సమయం తమదని, ఇంట్లో ఎవరికీ ఏమీ చేసిపెట్టక్కర్లేదని ఆ ఆడవాళ్ళు చెప్పారు. హీరోయిన్‌ను బలవంతపెట్టే హీరో తమకు అక్కర్లేదని కూడా గట్టిగా చెప్పారు. కొందరైతే ముందుగా చివరి పేజీలు తిరగేసి, కథ సుఖాంతమని నమ్మకం కుదిరాకే కొనేవాళ్ళట. మా అత్తగారు కూడా అంతే చేసేది. ఆఖరి భాగం చదివి, "ఆఁ, కలుస్తరు" అనుకుని, అప్పుడు మొదటి పేజీ తెరిచేది.

ఈ సంగతి నువ్వు బాగా ఆలోచించాలి. చివరికి ఏమవుతుందో పాఠకురాలికి ముందే తెలుసు. అయినా చదువుతుంది. అంటే, ఆ ఇద్దరూ కలుస్తారా లేదా అన్న టెన్షన్ మీద నవల నడవదు. వాళ్ళ మధ్య ఉన్న అడ్డంకి ఎలాంటిది, దాన్ని దాటడానికి ఒక్కొక్కరు ఏం వదులుకున్నారు, ఏం వదులుకోలేదు అన్నదాని మీద నడుస్తుంది. అడ్డంకి ఉత్తుత్తిదైతే సుఖాంతం కూడా ఉత్తుత్తిదే అవుతుంది.

నీ నవల ఏడో భాగంలో జారిపోయింది అక్కడే. హీరోయిన్ భద్రకాళి గుడి మెట్ల దగ్గర అతన్ని ఇంకో అమ్మాయితో చూస్తుంది. ఆ అమ్మాయి అతని మేనమామ కూతురని మనకు తెలుసు, ఆమెకు తెలియదు. అక్కడి నుంచి దాదాపు సగం నవల ఇద్దరూ మాట్లాడుకోరు. ఎందుకు మాట్లాడుకోరు? ఇద్దరి చేతుల్లో ఫోన్లున్నాయి. "ఎవరామె?" అని ఒక్క మెసేజ్ పెడితే తీరిపోయే గొడవ. ఇంత తెలివైన పిల్లను, గ్రూప్ టూకు చదువుతున్న పిల్లను, కథ సాగదీయడం కోసం తెలివి తక్కువదాన్ని చేశావు. నాకు కోపం వచ్చింది ఆమె మీద కాదు, నీ మీద.

అపార్థం వద్దని అనడం లేదు. జేన్ ఆస్టెన్ 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' చూడు, 1813లో అచ్చయింది. అందులో కూడా అపార్థం ఉంది. హీరోయిన్ ఎలిజబెత్ ఒక మోసగాడి మాట నమ్మి హీరో డార్సీని చెడ్డవాడనుకుంటుంది. కానీ డార్సీ ఉత్తరం రాసి ఆ అపార్థాన్ని నవల మధ్యలోనే తీర్చేస్తాడు. అపార్థం తీరాక కూడా సగం నవల మిగిలి ఉంది, అయినా ఎక్కడా విసుగు రాదు. ఎందుకంటే అసలు అడ్డంకి ఆ మోసగాడి మాట కాదు. అతని అహంకారం, రెండు కుటుంబాల అంతస్తుల తేడా, అతన్ని ఆమె అంత కటువుగా కాదనడం, పెళ్ళి కాకుండానే లేచిపోయిన చెల్లెలి వల్ల ఇంటికి రాబోయే చెడ్డపేరు. ఇవేవీ ఒక్క ఉత్తరంతో తీరేవి కావు. ఇద్దరూ మారాలి. వాళ్ళు మారడం కోసమే మనం చదువుతాం.

నీ నవలలో కూడా అలాంటి అడ్డంకి ఉంది బిడ్డా. నువ్వే రాశావు, రాసి ఒక్క పేజీలో దాటేశావు. నాలుగో భాగంలో హీరోయిన్ తండ్రి పరకాల నుంచి ఏనుమాముల మార్కెట్‌కు పత్తి తెస్తాడు. ముందురోజు వాన పడింది. తేమ 12 శాతం దాటిందని, ప్రభుత్వం తరఫున పత్తి కొనే సీసీఐ వాళ్ళు కొనరు. రాత్రంతా అక్కడే ఉండి, పొద్దున ప్రైవేటు వ్యాపారికి తక్కువకే అమ్మి, కూతురి హాస్టల్‌కు వచ్చి ఫీజు డబ్బులిచ్చి, మార్కెట్ సంగతి చెప్పకుండా వెళ్ళిపోతాడు. ఆమెకు ఆ సంగతి ఊరివాళ్ళ ద్వారా తెలుస్తుంది. ఆ పేజీ నేను రెండుసార్లు చదివాను. నీ నవల మొత్తంలో అంత బలమైన చోటు ఇంకొకటి లేదు.

ఇప్పుడు అక్కడి నుంచి ఆలోచించు. ఆ తండ్రికి ఇంకో కూతురు కూడా ఉందని నువ్వే రాశావు. పెద్దది తన ఇష్టప్రకారం కులం కాని వాణ్ణి చేసుకుంటే చిన్నదాని సంబంధం ఏమవుతుంది? పైసా కట్నం వద్దని అతను అంటే ఆమెకు సంతోషమా, చిన్నతనమా? అతను ఆ నల్ల కారులో పరకాలకు వెళ్ళి తండ్రి అప్పు తీర్చేస్తానంటే ఆమె ఒప్పుకుంటుందా? నాకు తెలిసిన ఆ పిల్ల ఒప్పుకోదు. తన ఉద్యోగం వచ్చేదాకా ఆగమంటుంది. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో, వచ్చినా పరీక్ష ఎప్పుడు జరుగుతుందో తెలియదు. అంతకాలం ఆగడం అతనికి చేతనవుతుందా? ఆగినా అతని ఇంట్లో వాళ్ళు ఆగనిస్తారా? మేనమామ కూతుర్ని అపార్థానికి కాదు, ఇక్కడ వాడుకో. ఆమె అతనికి నిజంగానే మాట్లాడిన సంబంధం అయి ఉండనీ. ఆమెను మంచి మనిషిగానే ఉంచు. అప్పుడు అతను కూడా ఏదో ఒకటి పోగొట్టుకోవలసి వస్తుంది. పోగొట్టుకోవడానికి ఏమీ లేని హీరోను ఎవరూ ప్రేమించలేరు.

తొమ్మిదో భాగంలో అతను ఆమెను చెంపదెబ్బ కొడతాడు. తీసెయ్. మళ్ళీ రాయడం కాదు, పూర్తిగా తీసెయ్. 'అంత ప్రేమ ఉంది కాబట్టే కొట్టాడు' అని ఆమె చేత అనిపించావు, దాన్ని అసలే ఉంచకు. పాత నవలల్లో, పాత సినిమాల్లో ఇది బాగా చెల్లింది. ఆ కాలంలో కూడా పెన్సిల్ రాతల్లో దీన్ని తప్పుబట్టినవాళ్ళు ఉన్నారు. ఇంట్లో దెబ్బలు తిని, కాసేపు మనశ్శాంతి కోసం నీ నవల పట్టుకున్న మనిషి ఒక్కరున్నా సరే, ఆమెకు నువ్వు ఆ మాట చెప్పకూడదు.

ఇంకొకటి, భాష. కథనం నువ్వు రాసినట్టే ఉండనీ, శుభ్రంగా ఉంది. సంభాషణల్లో మాత్రం, స్నేహితురాలితో 'ఎప్పుడొస్తవే' అన్న పిల్ల, హీరో ఎదురుగా రాగానే 'మీరెప్పుడు వస్తారండీ' అని టీవీ సీరియల్ లాగా మాట్లాడుతోంది. కొత్త మనిషితో మొదట్లో అలా మాట్లాడితే సరే. ప్రేమలో పడ్డాక, గొడవ పడేటప్పుడు, ఏడ్చేటప్పుడు ఆమెకు తన మాటే రావాలి కదా. మన శంషాబాద్‌లో పుట్టిన మాదిరెడ్డి సులోచన గారు పాపులర్ నవలల్లో అంత పేరు తెచ్చుకున్నా, మొత్తం మీద ఆ తరహా నవలల్లో ప్రేమించుకునేవాళ్ళు మనలాగా మాట్లాడింది తక్కువ. పరకాల పిల్ల తన మాటతోనే "నాకు నువ్వంటే ఇష్టం" అని చెప్తే చదవాలని నాకెంత ఆశగా ఉందో!

ప్రతిలిపి యాప్‌లో భాగాలు భాగాలుగా పెడతానన్నావు, మంచిదే. పూర్వం వారపత్రికలు చేసిన పని ఇప్పుడు అలాంటి యాప్‌లు చేస్తున్నాయి. కానీ ప్రతి భాగం చివర యాక్సిడెంటో, తలుపు చప్పుడో పెట్టకు. ఆమె ఏదో ఒక నిర్ణయం తీసుకున్న చోట ఆపు. వారం పొడుగునా పాఠకులు 'నేనైతే ఏం చేసేదాన్ని' అనుకుంటూ ఉంటారు. కింద కామెంట్లలో హీరో అందం గురించి రాసేవాటిని చూసి పొంగిపోకు. ఆమె చేసింది తప్పని ఎవరైనా వాదిస్తే, అది జాగ్రత్తగా చదువు.

మొదటి ఆరు భాగాలు ముట్టుకోవద్దు. నాలుగులో మార్కెట్ పేజీని మాత్రం పెంచు. ఒక పొద్దున మీ నాన్నతో ఏనుమాములకు వెళ్ళి తేమ ఎలా చూస్తారో, కాంటా ఎలా పెడతారో చూసి రా. ఏడు నుంచి కొత్తగా రాయి. సుఖాంతం మార్చకు, ఎవరేమన్నా సరే. సద్దుల బతుకమ్మకు మీ అమ్మతో వస్తావు కదా, అప్పటికి ఎంత రాస్తే అంత తీసుకురా. పూర్తి కాలేదని ఆగకు, కూర్చుని ఇద్దరం చదువుదాం.

ప్రేమతో,
నీ పెద్దమ్మ