కాంపరీ చేదుగా ఉంది, ఓల్డ్ మంక్‌లో కలిపి ఏమన్నా చేయొచ్చా?

అన్నా, ఎవరో డ్యూటీ ఫ్రీలో తెచ్చిచ్చిన కాంపరీ (ఇటలీ వాళ్ల ఎర్రటి చేదు మందు) సోడాలో పోస్తే దగ్గు మందులా ఉందన్నావు గదా, దాన్ని పారబోయమాక. రమ్ము, పైనాపిల్, నిమ్మకాయతో కలిపితే జంగిల్ బర్డ్ అంటారు, 1970ల్లో కౌలాలంపూర్ హిల్టన్ హోటల్ బార్లో పుట్టిన డ్రింకు. నెల్లూరులో మా మేడ మీద కూడా పుట్టింది, కాకపోతే రెండోసారికి.

మొదటిసారి ప్యాకెట్ పైనాపిల్ జ్యూస్ తెచ్చినా, అందులో చక్కెర ముందే ఉంటది, దాని మీద మళ్లా సిరప్ పోసేసరికి పానకం అయి కూర్చుంది, సరే తీపి విరుగుద్దిలే అని కాంపరీ ఇంకో మూత ఇంకో మూత పోసుకుంటా పోయినా. మా బావ ఒక్క గుక్క తాగి "ఏందిరా ఇది, నేలవేము కషాయమా" అని తులసి కుండీ పక్కన పారబోసినాడు.

రెండోసారి గాంధీబొమ్మ దగ్గర బండి మీద బాగా పండిన కాయ కొని, మిక్సీలో తిప్పి గుడ్డలో పిండినా. అసలు కత అంతా ఇక్కడే ఉంది. ఓల్డ్ మంక్ 45 ఎం.ఎల్., కాంపరీ 20, ఈ జ్యూస్ 45, నిమ్మరసం 15. ఇంగ్లీషు రెసిపీల్లో రాసే లైమ్ అంటే మన పొదలకూరు నిమ్మకాయే, ఆ పెద్ద పసుపు కాయ కోసం తిరగబాక. బెల్లం, నీళ్లు సమంగా కాచి వడగట్టి (వడగట్టకపోతే ఇసక పంటికి తగులుద్ది) ఆ పాకం 10 చాలు, ఓల్డ్ మంక్‌లోనే వెనిల్లా వాసన, కాస్త తీపి ఉంటాయి. చిటికెడంటే చిటికెడు ఉప్పు, చేదు కొంచెం తగ్గుద్ది. చేదు మొత్తం పోవాలని మాత్రం చూడబాక, కాకరకాయ పులుసులో బెల్లం వేసినా కాకరకాయ కాకరకాయే గదా.

షేకర్ నాకూ లేదు, పాత హార్లిక్స్ సీసాలో ఐస్ నిండా వేసి, మూత బిగించి, చెయ్యి జిల్లుమనేదాకా ఊపినా. తాజా జ్యూస్ అయితే పైన తెల్లగా నురగ కడుద్ది, మజ్జిగ చిలికినట్టు, ప్యాకెట్ జ్యూస్‌తో అంత రాలా. ఐస్ ఇంట్లో పెట్టుకో, చేపల మార్కెట్ దగ్గర అమ్మే గడ్డ వద్దు, ఎందుకో నీకు చెప్పక్కర్లా.

ఇంకోటి, ఇది జ్యూస్ లాగా దిగిపోద్ది గానీ రమ్ము 42.8 శాతం, కాంపరీ 25 దగ్గర, లెక్కేస్తే ఒక గ్లాసులో రెండు చిన్న పెగ్గులు ఉన్నట్టే. కషాయం అన్న బావే ఆరోజు మూడు గ్లాసులు లాగించి, బండి తాళాలు మా అక్క చేతికిచ్చి మేడ మీదే పడుకున్నాడు.