ఫ్లాక్ పాటలను ఎంపీ3లోకి మారిస్తే ట్యాగులు ఎందుకు పోతాయి? పోకుండా ఏం చేయాలి?

ట్యాగులంటే ఫైల్లోనే ఉండే పాట పేరు, గాయకులు, ఆల్బమ్ వంటి వివరాలు. వీటిని ఒక్కో ఫార్మాట్ ఒక్కో పద్ధతిలో దాస్తుంది. పాట పేరే తీసుకోండి: ఫ్లాక్‌లో అది 'టైటిల్' అనే మామూలు అక్షరాల వరస, ఎంపీ3లో ట్యాగులు రాసే పద్ధతైన ఐడీ3లో 'టీఐటీ2' అనే ఫ్రేమ్, అంటే ఒక అర. కన్వర్టర్ చేసేది ఒక రకం అనువాదమే. తనకు తెలిసిన పేర్లను మారుస్తుంది, తెలియని వాటిని చాలాసార్లు చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది.

అసలు తంటా వేవ్ (WAV) అనే ఆడియో ఫార్మాట్‌తో. ఫ్లాక్‌ను ముందు వేవ్ చేసి, దాన్ని మళ్లీ ఎంపీ3 చేసేవాళ్లున్నారు. వేవ్‌లో ట్యాగులకు చోటు ఉన్నా చాలా సాఫ్ట్‌వేర్లు పట్టించుకోవు. ఆ మజిలీ మానేసి నేరుగా మార్చండి, సగం బాధ తీరుతుంది.

ఎఫ్ఎఫ్ఎంపెగ్ (FFmpeg) అనే కన్వర్టర్ ట్యాగులను మామూలుగా తనే కాపీ చేస్తుంది. ఆగ్, ఓపస్ అనే ఇతర ఫార్మాట్ల ఫైళ్లలో మాత్రం ట్యాగులు ఫైలు స్థాయిలో కాక ఆడియో స్ట్రీమ్‌కు (ఫైల్లోని ధ్వని భాగానికి) అంటుకుని ఉంటాయి కాబట్టి, ట్యాగులను ఎక్కడి నుంచి తీసుకోవాలో చెప్పే 'మ్యాప్ మెటాడేటా' ఆప్షన్‌కు ఆ స్ట్రీమ్‌ను చూపించాలి. పాత ప్లేయర్లకైతే ఐడీ3 వెర్షన్ 2.3 ఎంచుకోండి, 2.4ను కొన్ని చదవలేవు. తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా కనిపిస్తే ఆ ప్లేయర్ పాత ఐడీ3 వెర్షన్ 1ను చదువుతోందేమో చూడండి. అందులో పాట పేరుకు ఉన్నదే 30 బైట్లు, తెలుగు లిపికి దారే లేదు.

ముందు ఒక్క పాట మార్చి, ట్యాగులు చూపే ఎంపీ3ట్యాగ్ అనే ప్రోగ్రామ్‌లో తెరిచి చూడండి. కవర్ బొమ్మ, ట్రాక్ నంబరు, ఆల్బమ్ ఆర్టిస్ట్: ఎగిరిపోయేవి ఎక్కువగా ఇవే. అసలు ఫ్లాక్ ఫైళ్లను మాత్రం అప్పుడే డిలీట్ చేయకండి.