కోర్ పెట్టెకే అంటుకుపోతోందా? ముందు పాలిష్ చూడు

"సీఓటూ ఇసుకతో బుష్ కోర్లు కొడుతుంటే కోర్ సగం చెక్క పెట్టెకే అంటుకుంటోంది, సిలికేట్ పెంచాలా?" అని అడిగావు. కొత్తవాళ్లకు చెప్తున్నా: బుష్ అంటే ఇరుసు చుట్టూ ఉండే గొట్టం, కోర్ అంటే పోతలో దాని రంధ్రం పడే చోట పెట్టే ఇసుక దిమ్మె. జిగురుగా సోడియం సిలికేట్ కలిపిన ఇసుకను చెక్క పెట్టెలో కొట్టి, సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) గ్యాస్ వదిలి గట్టిపరుస్తాం. పెంచొద్దు తమ్ముడూ, ఇంకా గట్టిగా పట్టేస్తుంది. పెట్టెకు ఏం పూశావో రాయలేదు గానీ లక్క పాలిషే అయ్యుంటుంది.

నేనూ అదే చేశాను. ఒంగోల్లో చిన్న ఫౌండ్రీలో ఉన్నప్పుడు చీమకుర్తి గ్రానైట్ మిషన్లకు బుష్‌లు పోసేవాళ్లం. తలుపులకు కొట్టినట్టే స్పిరిట్‌లో లక్క నానబెట్టి నాలుగు పూతలు వేస్తే టేకు పెట్టె అద్దంలా మెరిసింది, మేస్త్రీ కూడా మెచ్చుకున్నాడు. పది కోర్లు బాగానే వచ్చాయి. ఆ తర్వాత లోపల వేలు పెడితే జిగట, పన్నెండోది తీస్తుంటే నడిమికి విరిగింది. సిలికేట్‌లో క్షారం ఉంటుంది, లక్క క్షారానికి కరుగుతుంది, అంతే సంగతి. నూనె కలిపిన ఇసుక కోర్లకైతే లక్క చాలు, దీనికి పనికిరాదు. మొత్తం గీకేసి, సన్న గరుకు కాగితం పట్టి, ఫర్నిచర్ వాళ్లు వాడే పీయూ (పాలీయూరిథేన్) వార్నిష్ వేసి బాగా ఆరనివ్వు. పైన కాస్త గ్రాఫైట్ పొడి రుద్దు.

అయినా పట్టేస్తుంటే మూలమట్టం (వడ్రంగి వాడే ఎల్ ఆకారపు బద్ద) తీసుకుని, దాని మూల పెట్టె సగంలోని గుండ్రటి గాడిలోకి వచ్చేలా, మట్టం రెండు పట్టీలూ గాడి రెండు అంచులకు ఆనేలా పెట్టి అటూ ఇటూ తిప్పు. మూల ప్రతిచోటా అడుగును రాసుకుంటూ పోతే సరైన అర్ధచంద్రం. ఎక్కడైనా సందు కనిపిస్తే అక్కడ లోతెక్కువ తవ్వావు. అంచు దగ్గర గాడి లోపలికి తిరిగిందంటే మాత్రం ఏ పాలిష్ వేసినా కోర్ రాదు.

కొలత కూడా చూసుకో, కొత్తలో అందరూ తలకిందులుగా వేస్తారు. బుష్ రంధ్రం 60 మిల్లీమీటర్లు కావాలంటే, లేతులో పక్కకు 3 చొప్పున తీయడానికి కోర్ కొలతలో 6 తగ్గించు, 54. బీడు (పోత ఇనుము) చల్లారేటప్పుడు మీటరుకు 10 మిల్లీమీటర్ల దాకా కుంచించుకుంటుంది, రంధ్రమూ దాంతోపాటే చిన్నదవుతుంది కాబట్టి ఒక శాతం కలిపి 54.5 పెట్టు.

పెట్టెకు ప్లైవుడ్ వాడొచ్చా అని కూడా అడిగావు కదా, నాలుగైదు కోర్లకైతే సరే. ఎక్కువ కావాలంటే బాగా ఆరిన టేకు చేవే కొను, కార్తీక మాసం వానల్లో పచ్చి చెక్కతో చేసిన పెట్టె ఎండలొచ్చేసరికి మూత పడదు.

ఇంకోటి, గట్టిపడుతుందని గ్యాస్ మరీ ఎక్కువసేపు వదలకు, కోర్ రేపటికి పిండిలా రాలుతుంది.